సంకోచించనివాడి సణుగుడు

మా ఇంట్లో నీళ్ల ఫిల్టరు కింద స్టీలు బేసిను పెట్టి నేటికి ఇరవై మూడు రోజులు. నలభై నిమిషాలకో చెంబు చొప్పున కారుతోంది. ఇది ఉజ్జాయింపు లెక్క కాదు. రిటైరైన మనిషిని, గడియారం ఉంది, చెంబు ఉంది, తీరిక ఉంది. అర్ధరాత్రి ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి లేచి బేసిను ఎత్తి తులసికోటలో పోస్తున్నాను. సీతాఫల్‌మండీ మొత్తంలో ఇంత పచ్చగా ఉన్న తులసి ఇంకెవరింట్లోనూ లేదని మా ఆవిడ అంటుంది. ఆ పుణ్యంలో నా వాటా ఎంత, కంపెనీవారి వాటా ఎంత అన్నది ఇంకా తేలలేదు.

అయితే నా ఫిర్యాదు నీళ్ల మీద కాదు. కారడం నీళ్ల ధర్మం. కంపెనీ మీదా కాదు. పేరు చెప్పి వాళ్లను బజారుకీడ్చాలని లేదు, ఉన్నా మొహమాటం అడ్డొస్తుంది. నా ఫిర్యాదు ఒక ఇంగ్లీషు క్రియ మీద. ముద్దాయి పేరు హెజిటేట్. నివాసం, ఉత్తరాల అడుగు భాగం.

ఫిల్టరుతోపాటు పెట్టెలో వచ్చిన పుస్తకం ఆఖరి పేజీలో ఇతగాడు నాకు మొదటిసారి తగిలాడు. ఏ సాయం కావాలన్నా 'ప్లీజ్ డూ నాట్ హెజిటేట్ టు కాంటాక్ట్ అస్' అన్నారు. అన్నారు కదా అని ఫోను చేశాను. ఉత్తరం రాయమన్నారు. రాశాను. జవాబు వచ్చింది. అలా ఇప్పటికి పదకొండు ఫోన్లు, నాలుగు జవాబులు. నాలుగింటిలోనూ పైన ఉన్న సంగతులు మారుతూ వచ్చాయి. మొదటిదాంట్లో నా ఇంటిపేరు తప్పు. రెండోదాంట్లో ఫిల్టరు మోడలు తప్పు. మూడోదాంట్లో ఏకంగా ఊరే తప్పు. ఉత్తరప్రదేశ్‌లో బులంద్‌షహర్ జిల్లాలో మన సికింద్రాబాద్ పేరుతోనే ఇంకో ఊరు ఉంది, దానికి ఆ పేరు సికందర్ లోడీ వల్ల వచ్చింది. మనకు 1806లో మూడో నిజాం సికందర్ జా వల్ల వచ్చింది. ఇద్దరు సికందర్ల మధ్య నా ఫిల్టరు నలిగిపోతోందని రాస్తే నాలుగో ఉత్తరంలో ఊరు సరిచేశారు, ఇంటి నంబరు పోగొట్టారు. ఇన్ని మారినా ఒక్క వాక్యం మారలేదు. నాలుగింటికీ తోక ఒకటే. డూ నాట్ హెజిటేట్.

పదకొండుసార్లు ఫోను చేసినవాడిని పట్టుకుని సంకోచించవద్దంటారు! భోజనం ముగించి చేయి కడుక్కుంటున్నవాడిని ఆకలి వేస్తే చెప్పమన్నట్టు.

ఇక్కడ నేనొక నేరం ఒప్పుకోవాలి. ఈ వాక్యాన్ని నేను స్వయంగా కొన్ని వేలసార్లు రాశాను. ముప్ఫై నాలుగేళ్లు ఒక పెద్ద ఆఫీసులో ఉత్తర ప్రత్యుత్తరాల సెక్షన్లో పనిచేశాను. ఏ ఆఫీసో అడక్కండి, పింఛను అక్కడి నుంచే రావాలి. చేరిన మొదటివారం ఒక పార్టీకి జవాబు ముసాయిదా రాసి మా సూపరింటెండెంటుగారి ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి, "ఏమయ్యా, దీనికి తోక ఏదీ?" అన్నారు.

"తోక ఏమిటండీ?"

"డూ నాట్ హెజిటేట్ టు కాంటాక్ట్ ది అండర్‌సైన్డ్. అది లేకుండా ఉత్తరం బయటికి వెళ్తుందా?"

"వాళ్లు అడిగిన పని మనం చేయలేదు కదండీ, మళ్లీ సంప్రదించమని ఎలా రాస్తాం?"

"అందుకేనయ్యా తోక. పనే చేస్తే ఉత్తరమెందుకు?"

ఆ ముక్క నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆ రోజు నుంచి దిగిపోయేదాకా ఏ ఉత్తరాన్నీ తోక లేకుండా పంపలేదు. టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చాక ఆ వాక్యాన్ని టైపు చేసే శ్రమ కూడా తప్పింది, అదే వచ్చి కూర్చునేది. కింద అండర్‌సైన్డ్ వారి సంతకం ఎవరికీ చదవడానికి వీల్లేకుండా ఉండేలా చూసుకునేవాళ్లం. సంకోచం లేకుండా సంప్రదించాలనుకున్నవాడికి ఎవరిని సంప్రదించాలో తెలియకూడదు. ఆ పాపమే ఇప్పుడు చుక్కచుక్కగా కారి నా వంటింట్లో చేరుతోందని మా ఆవిడ సిద్ధాంతం.

ఈ తోకకు ఒక వంశచరిత్ర ఉంది. దొరల కాలంలో సర్కారు ఉత్తరం ఎంత కరకుగా ఉన్నా కింద 'ఐ హావ్ ది ఆనర్ టు బి, సర్, యువర్ మోస్ట్ ఒబీడియంట్ సర్వెంట్' అని ఉండేది. శిస్తు కట్టకపోతే పొలం జప్తు చేస్తామని రాయడం, ఆ కిందే తమ అత్యంత విధేయ సేవకుణ్ణని సంతకం చేయడం. స్వరాజ్యం వచ్చాక సేవకుడు పోయి 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' మిగిలింది. సేవకుడు ఖాళీ చేసిన కుర్చీలోకి హెజిటేట్‌ను ప్రమోట్ చేశారని నా అనుమానం. విధేయత లేకపోయినా విధేయత వాసన రావాలి కదా, ఉత్తరమన్నాక.

ఇంత అనుభవం ఉండి కూడా ఆ మాటకు అర్థం ఏమిటని నేనెప్పుడూ చూడలేదు. ఉద్యోగంలో ఉండగా అర్థాలు చూస్తే పని సాగదు. ఇప్పుడు బేసిను నిండేదాకా చేయవలసిందేమీ లేదు కనుక నిఘంటువులు దించాను. దించడానికి ఇంతకంటే తగిన ఊరు కూడా ఉండదు. హుస్సేన్‌సాగర్‌కు అటువైపు నిజాం కొలువులో ఉర్దూ నడిస్తే ఇటువైపు దండులో ఇంగ్లీషు నడిచింది. మా పేటను ఆనుకునే, తార్నాక దారిలో, ఇంగ్లీషు ఎలా నేర్పాలో పంతుళ్లకు నేర్పడానికి 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ వెలిసింది. 1972లో విదేశీ భాషలనూ కలుపుకుని పేరు పొడిగించుకుంది. ఇప్పుడు ఇఫ్లూ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయం. ఆ గోడ పక్క నుంచి రోజూ పొద్దున నడకకు వెళ్తాను కాబట్టి ఇంగ్లీషు మీద నాకూ కొంత గాలి సోకి ఉంటుందని నమ్మకం.

మొదట చూసింది హార్న్‌బీ నిఘంటువు. హార్న్‌బీ జపానులో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ, పరాయివాళ్లకు ఈ భాషలో ఎక్కడ కాలు జారుతుందో కనిపెట్టి తయారుచేసిన పుస్తకం అది. 1942లో టోక్యోలో అచ్చయింది, 1948 నుంచి ఆక్స్‌ఫర్డ్ వారి చేతికి వచ్చింది. ఏ క్రియ ఎవరితో కాపురం చేస్తుంది, పక్కన 'టు' ఉండాలా 'ఇంగ్' ఉండాలా అన్న పంచాయితీలు తీర్చడంలో ఆయన దిట్ట. ఇలాంటి నిఘంటువుల్లో హెజిటేట్‌కు ఇచ్చే అర్థాన్ని తెలుగు చేస్తే ఇంతే: ఏం చేయాలో తోచకో, జంకుతోనో, మాట్లాడేముందు లేక పని చేసేముందు కాస్త ఆగడం.

కాస్త! ఆ ఒక్క మాట దగ్గర నాకు చాలాసేపు పట్టింది. ఇంగ్లీషువాడి హెజిటేషన్ రెప్పపాటు వ్యవహారం. వీధి దాటేముందు అటూ ఇటూ చూసినంత. ఇరవై మూడు రోజులు ఆగినవాడిని హెజిటేట్ అయ్యాడని ఎవరూ అనరు, కాపురం పెట్టాడంటారు. కాబట్టి మా కంపెనీవారు చేస్తున్నదేమిటో చెప్పడానికి ఈ క్రియ చాలదు. ఇక నేనంటారా, రెప్పపాటు కూడా ఆగలేదు. అంటే మా ఇద్దరిలో ఎవరికీ వర్తించని క్రియ మా ఇద్దరి మధ్య నాలుగుసార్లు తిరిగింది.

మూలం వెతికితే లాటిన్లో తేలింది. అంటుకుపోవడం, ఇరుక్కుపోవడం అని అర్థమిచ్చే 'హేరేరే' అనే ధాతువు. అడ్‌హీర్, కోహీర్, ఇన్‌హేరెంట్ అన్నీ ఆ ఇంటి దాయాదులే. మళ్లీ మళ్లీ ఇరుక్కుపోతే అది 'హేసితారే', దాని మనవడే మన హెజిటేట్. బురదలో దిగిన బండి చక్రం అన్నమాట. కదలాలని చూస్తుంది, కదలదు. మనవాళ్లకు బండి దాకా పోనక్కరలేదు, గొంతులో పచ్చి వెలక్కాయ చాలు. లాటిన్ పండితుడికి ఒక వెలక్కాయ తినిపించి ఉంటే ధాతుపాఠమంతా ఒక్క గుటకలో అర్థమయ్యేది.

ఇంగ్లీషులో ఈ కోవ మాటలు ఇంకా ఉన్నాయి. స్క్రూపుల్ అంటే పుట్టుకతో చిన్న మొనదేలిన రాయి. మనస్సాక్షి అనే చెప్పులో దూరి గుచ్చుతుంది. చెప్పులో రాయి సంగతి మన వేమనకు తెలియనిది కాదు. బాక్ అంటే దున్నకుండా వదిలిన గట్టు. అక్కడికి రాగానే మొరాయించిన గుర్రం పని కూడా బాకే. ఈ మాటలన్నిటికీ కింద ఒక రాయో, గట్టో, బురదో ఉంది. ఇంగ్లీషువాడు ఆగాడంటే అడ్డం ఏదో ఉండి ఆగాడు. మనం అలా కాదు, ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు సంస్కృతంతో తగువు తీరాలి.

తగువు ఎందుకంటే, పన్నెండో రోజున కంపెనీవారు నా మీద దయతలచి తెలుగులో మెసేజీ పంపారు. 'మీకు ఏవైనా సందేహాలు ఉంటే మమ్మల్ని సంప్రదించడానికి సంకోచించకండి.' నాకు సందేహాలు ఏమీ లేవు. కారుతోంది. అందులో ఎవరికీ సందేహం లేదు, కింది వాటావారికి అసలే లేదు, వాళ్ల పైకప్పు మీద మచ్చ పడింది. కానీ నన్ను కలవరపెట్టింది ఆ చివరి మాట. నేను తెలుగు మీడియంలో చదివినవాడిని. మా సైన్సు మాష్టారు సంకోచ వ్యాకోచాల పాఠం చెప్పింది ఇనుము గురించి. ఎండకు పట్టా వ్యాకోచిస్తుంది, చలికి సంకోచిస్తుంది, అందుకే రైలు పట్టాల మధ్య సందు వదులుతారని బోర్డు మీద బొమ్మ వేసి చెప్పారు. పట్టాలను పొడుగ్గా అతికి వేస్తున్నాక ఆ టకటక చప్పుడు తగ్గింది గానీ, పాఠం నాలో చెక్కుచెదరలేదు. సంకోచం అంటే కుంచించుకుపోవడం. పెద్ద రైల్వే స్టేషను ఉన్న ఊళ్లో ఉంటూ ఆ మాటకు ఇంకో అర్థం ముందు తట్టమంటే ఎలా తడుతుంది?

ఇంకో పాఠం కూడా ఉంది. గుండె సంకోచించినప్పుడే నెత్తురు ఒళ్లంతా పారుతుంది. అరవై ఎనిమిదేళ్లవాడికి సెల్‌ఫోనులో పొద్దున్నే 'సంకోచించకండి' అని హుకుం వస్తే, డాక్టరుకు చూపించాలా, పోలీసుకు చూపించాలా?

హాస్యం పక్కన పెడితే, ఆ మాట సంస్కృతంలోనూ తెలుగులోనూ మనసుకు కూడా చెల్లుతుంది, నాకు తెలుసు. నా బాధ వేరు. తెలుగువాడెవడూ గుమ్మం ముందు నిలబడ్డవాడితో 'లోపలికి రావడానికి సంకోచించకండి' అనడు. 'రండి రండి' అంటాడు. 'వివరాలకు సంప్రదించండి' అని గోడల మీద తరతరాలుగా రాశాం, అందరూ సంప్రదించారు, ఎవరూ ముడుచుకుపోలేదు. ముడుచుకోవద్దని చెప్పడం మొదలుపెట్టాకే, ముడుచుకోవలసింది ఏదో ఉందన్న అనుమానం కలుగుతోంది. కుక్క కరవదు రండి అన్నాకే కదా కుక్క ఉందని తెలిసేది.

ఇప్పుడు తెలుగు సంగతి. మనవాళ్లు ఈ పని చేయడానికి ఎన్ని మాటలు కూడబెట్టారో లెక్కపెడుతూ రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా గడిపాను. జంకు, కొంకు, వెనుదీయు. చెప్పలేక నసుగు, నీళ్లు నములు. ముహూర్తం కోసం మీనమేషాలు లెక్కించు. 1850ల్లో బ్రౌనుదొర తన నిఘంటువులు అచ్చు వేయించేనాటికి ఇందులో చాలా సరుకు సిద్ధంగానే ఉంది. వీటిలో నా మనసుకు పట్టింది ఒక గుంపు: వెనుకాడు, వెనకాముందాడు, ఊగిసలాడు, ఊగులాడు. అన్నిటి చివరా 'ఆడు' ఉంది చూశారా? లాటిన్‌వాడు ఇరుక్కుపోతాడు, సంస్కృతంవాడు కుంచించుకుపోతాడు. తెలుగువాడు మాత్రం ఆడుతూనే ఉంటాడు. ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కు, ఉయ్యాలలా అటూ ఇటూ. తటపటాయించడంలో అయితే రెక్కల చప్పుడు కూడా వినిపిస్తుంది. మనకు అడ్డం రాయీ అక్కరలేదు, గట్టూ అక్కరలేదు. దారి బారుగా ఉన్నా మనం ఆడగలం.

ఇన్ని మాటలు ఉన్న జాతి ఇంకో మాట అరువు తెచ్చుకోవలసిన పనేమిటి? అదీ తెచ్చుకున్నాం, తెచ్చుకుని ఎలా వాడాలో తెలియక అవస్థ పడుతున్నాం. ఏడో ఫోనులో ఒక అమ్మాయి, గొంతు చల్లగా, "హెజిటేట్ అవ్వకండి సార్, ఎప్పుడైనా కాల్ చేయండి" అంది. తొమ్మిదో ఫోనులో ఇంకో అబ్బాయి "హెజిటేట్ చేయకండి" అన్నాడు. పదోసారి "హెజిటేషన్ ఫీలవ్వకండి" అని వచ్చింది. పక్కగదిలోంచి మా మనవడు "తాతా, హెజిటేషన్ పెట్టుకోవద్దని చెప్పాలి" అని దిద్దాడు. నేను ఫిల్టరు మాట మరిచి వ్యాకరణంలో పడ్డాను.

ఆలోచిస్తే ఇందులో తెలుగు తెలివి కొంత ఉంది. ఇంగ్లీషు క్రియ మన గుమ్మం తొక్కగానే దానికి 'చేయు' అనో 'అవు' అనో ఒక తోడును అంటగడతాం. మన చేతిలో ఉన్న పనికి చేయు: ఫోన్ చేయు, బుక్ చేయు, కంప్లైంట్ చేయు. మన మీదికి వచ్చి పడేదానికి అవు: టెన్షనవు, ఫెయిలవు, బోరవు. మరి హెజిటేట్ ఎందులోది? అవ్వకండి అన్న అమ్మాయి లెక్కలో అది జలుబులాంటిది, దానంతట అది పడుతుంది. చేయకండి అన్న అబ్బాయి లెక్కలో అది అల్లరిలాంటిది, నేను కావాలని చేస్తున్నాను. అమ్మాయిది దయ, అబ్బాయిది చార్జిషీటు. ఈ తేడా ఇంగ్లీషులో కనిపించదు, ఇఫ్లూ గోడ పక్క ఎన్నిసార్లు నడిచినా కనిపించదు. సార్ అన్న గౌరవం మాత్రం ఇద్దరూ సమానంగా ఇచ్చారు. ఫిల్టరు కూడా ఇద్దరి తర్వాతా సమానంగా కారింది.

పదహారో రోజున మా ప్లంబర్‌ను పిలిచాను. చేతిసంచి కింద పెట్టకముందే స్క్రూడ్రైవరు తీశాడు. నేను చేయి అడ్డం పెట్టాను. వారంటీ కాగితం మీద, బయటివాళ్లు మూత విప్పితే తమకు సంబంధం లేదని చిన్న అక్షరాల్లో ఉంది.

"గీ ముక్కకు ఎన్కముందాడుడెందుకు సార్? లోపల వాచర్ పోయింది, గంతే. విప్పుత, ఏస్త, పోత. ఏం సోంచాయించకుండ్రి."

సోంచాయించకుండ్రి! హెజిటేట్ కంటే ఎంత బలమైన మాట! ఆలోచించడమే సంకోచం, ఆలోచన మానితే చాలు, పని అయిపోతుంది. అతని చేతిలో స్క్రూడ్రైవరు ఉంది, జేబులో వాచరు ఉంది, ముందు ఫిల్టరు ఉంది. నేనే వెనకాముందాడాను. వారంటీ ఇంకా ఏడు నెలలుంది. ఇరవై మూడు రోజుల్లో ఎవరైనా నిజంగా హెజిటేట్ అయ్యారంటే అది నేనే, అదీ వాళ్ల కాగితం చూసి. సంప్రదించడానికి సంకోచించవద్దంటారు, బాగుచేయించుకోవడానికి మాత్రం సంకోచించాలంటారు. మొదటిది పెద్ద అక్షరాల్లో, రెండోది చిన్న అక్షరాల్లో. ప్లంబర్ నా వైపు జాలిగా చూసి సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మనసు బాగోలేక ఇరానీ హోటలుకు పోయి చాయ్ చెప్పాను. నా పక్కన ఇద్దరు ముసలి మిత్రులు బిల్లు కోసం పెనుగులాడుకుంటున్నారు. ఒకాయన రెండో ఆయన చేతిని జేబు మీదే అదిమిపట్టి "తకల్లుఫ్ మత్ కీజియే" అంటున్నాడు. తకల్లుఫ్ అంటే మర్యాద కోసం తెచ్చిపెట్టుకునే ఇబ్బంది, పైపై బిగువు. అది వద్దని చెప్పడంలోనే సగం తకల్లుఫ్ ఉంది. అయినా చూడండి, వద్దన్న మనిషి రెండో చేత్తో డబ్బులు కౌంటరు మీద పెట్టేశాడు. మాట అవతల పడేలోపు పని ఇవతల అయిపోయింది. అప్పుడు నాకు మా పెళ్లి బంతులు గుర్తొచ్చాయి.

మన దగ్గర 'డూ నాట్ హెజిటేట్'కు అసలైన సాటి మాట వివాహ భోజనంలో వినిపిస్తుంది. ఆకుల ముందు అందరూ తలొంచుకుని కూర్చుంటారు. వడ్డించేవాడు నేతిగిన్నెతో వంగి "మొహమాటపడకండి బావగారూ, అడిగి వేయించుకోండి" అంటాడు. మొహమాటానికి ఇంగ్లీషు మాట నేను ముప్ఫై నాలుగేళ్లు వెతికాను, దొరకలేదు. అది సిగ్గు కాదు, భయం కాదు, సందేహం కాదు. ఎదుటి ముఖం చూసి మన మాట మనమే మింగడం. బావగారికి ఇంకో బూరె కావాలి. ఉందని వడ్డించేవాడికి తెలుసు. ఆకు మీద చేయి అడ్డం పెట్టి "చాలు చాలు" అంటారు, వేళ్ల సందుల్లోంచి బూరె పడేంత ఖాళీ వదులుతారు. వదలకపోయినా వడ్డించేవాడు ఆగడు, చేతి మీదే వేస్తాడు.

ఇక్కడ గమనించవలసింది బూరె కాదు, గరిటె. మొహమాటపడవద్దని చెప్పేవాడి చేతిలో గరిటె ఉంటుంది. ఖాళీ చేతులతో బంతి మధ్య తిరుగుతూ "మొహమాటపడకండి, అడగండి" అనేవాణ్ణి నేను ఏ పెళ్లిలోనూ చూడలేదు. ఉంటే వాణ్ణి పెళ్లికొడుకు తరఫువాళ్లు ఏంచేసేవారో చెప్పక్కర్లేదు. నా దగ్గరున్న నాలుగు ఉత్తరాల్లోనూ మర్యాద ఉంది, పిలుపు ఉంది, వంగడం కూడా ఉంది. గరిటె లేదు. నేను ముప్ఫై నాలుగేళ్లు బంతి మధ్య అలాగే తిరిగానని ఈ వయసులో తెలిసింది. మా సూపరింటెండెంటుగారు ఉంటే అడిగేవాణ్ణి. ఆయన తోక గురించి చెప్పారు గానీ గరిటె గురించి చెప్పలేదు.

నిన్న సాయంత్రం, చెప్పాపెట్టకుండా, కంపెనీ కుర్రాడు వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి. భుజాన బ్యాగు, మెడలో గుర్తింపుకార్డు, నుదుటి మీద దోమకాటు. 1897 ఆగస్టు 20న ఈ ఊళ్లోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని పట్టుకున్నాడు. దోమలు ఆ అవమానం ఇంకా మరిచిపోలేదు, మా పేటలో ఎవరినీ కుట్టడానికి సంకోచించవు. వాటికి ఫోను కూడా చేయనక్కర్లేదు.

కుర్రాడు గుమ్మం బయటే నిలబడ్డాడు. బూట్లు విప్పాలా, విప్పితే మేజోడు చిరుగు కనిపిస్తుందా అని ఒక కాలు మీది నుంచి ఇంకో కాలు మీదికి మారుతున్నాడు. నాలుగు నిఘంటువులు చదివినా అర్థం కానిది ఆ గుమ్మంలో కళ్లకు కట్టింది. అటూ ఇటూ ఆడుతున్నాడు, అచ్చ తెలుగులో.

"లోపలికి రా బాబూ, బూట్లతోనే రా" అంది మా ఆవిడ.

వచ్చాడు. ఫిల్టరు మూత విప్పి టార్చి వేసి చూసి, "వాచర్ పోయింది అంకుల్" అన్నాడు. ఆ సంగతి ప్లంబర్ వారం కిందటే చెప్పాడని నేను అనలేదు. కుర్రాడు బ్యాగంతా వెతికాడు. గుంటరెంచీ ఉంది, పైపు ముక్కలు ఉన్నాయి, టేపు ఉంది. వాచరు లేదు. "ఈ సైజు స్టాకు లేదు అంకుల్, ఇండెంట్ పెట్టాలి" అని గోడకు చెప్పినట్టు చెప్పాడు.

నేను నోరు తెరవబోయాను. ఈలోపు మా ఆవిడ స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి కుర్రాడి ముందు చాపింది.

"వద్దు ఆంటీ, ఇప్పుడే తాగి..."

"మొహమాటపడకు నాయనా, ఎప్పుడనగా బయల్దేరావో" అంటూ గ్లాసు చేతిలో పెట్టేసింది. వాడు రెండు గుక్కల్లో తాగేశాడు. పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేదు. ఆమె అడక్కుండానే రెండు జంతికలు కూడా వచ్చాయి.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, చొక్కా జేబులోంచి ఒక కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. ఒక పక్క ఫోను నంబరు, రెండో పక్క ఏముంటుందో చూడకుండానే చెప్పగలను. చూడలేదు.

"ఏమైనా ఉంటే హెజిటేట్ చేయకుండా కాల్ చేయండి అంకుల్" అన్నాడు.

లోపల బేసిను నిండిన చప్పుడైంది. మా ఆవిడ గరిటె గట్టు మీద పెట్టి, "ఏమండీ, తులసికి చాలు, ఈసారి మందారానికి పోయండి" అంది.